గుండు సున్నా

జాబ్ సెంటర్ కుర్రాడు నాలుగు మెట్లు నేర్పాడు:
పరిస్థితి, బాధ్యత, చేసిన పని, వచ్చిన ఫలితం.
"నాలుగో మెట్టు మీద అంకె ఉండాలి, ఎఫీ.
అంకె లేకపోతే కాలు జారినట్టే."

రాత్రంతా వంటింట్లో
కెటిల్‌కి జవాబులు అప్పజెప్పాను.
ఈల వేసింది గానీ ఉద్యోగం ఇవ్వలేదు.

పొద్దున టే నది మీంచి లేచిన పొగమంచు
డండీ కొండవీధుల్ని ఒక్కొక్కటే మింగుతుంటే
పెళ్లికీ చావుకీ తొడిగే ఒకే ఒక్క కోటు తొడుక్కుని
సూపర్ మార్కెట్ మేడమీది గదికి వెళ్లాను.
ఆమె చేతిలో టాబ్లెట్.
అతని ముందు నీళ్లగ్లాసు.

"మీ పనిలో మీరు తెచ్చిన
కొలవగలిగే మార్పు ఒకటి చెప్పండి."

పరిస్థితి: నిట్టనిలువు వీధి, దాని అడుగున బడి.
బాధ్యత: పసుపుపచ్చ కోటు, పొడుగాటి కర్ర,
కర్ర కొసన గుండ్రటి బిళ్ల.
చేసిన పని: రోడ్డు మధ్యకి నడిచాను. నిలబడ్డాను. తిరిగొచ్చాను.
పందొమ్మిదేళ్లు.

ఫలితం దగ్గర నోరు తడారింది.
"సున్నా" అన్నాను.

ఆమె వేలు గాల్లోనే ఆగిపోయింది.
జీతం తీసుకుంటూ సున్నా చుట్టానని అనుకుందో ఏమో,
"అంటే... పెరుగుదలా, తగ్గుదలా?"

"పెరగలేదమ్మా, తగ్గలేదు.
చేరిన రోజూ గుండు సున్నాయే,
ఖర్చు తగ్గించుకోవాలని కౌన్సిల్ వాళ్లు
కర్ర వెనక్కి అడిగిన రోజూ గుండు సున్నాయే.
ఆ సున్నానే కర్రకి గుచ్చి
గాలికి ఎదురు పట్టుకు నిలబడ్డాను.
టే గాలి తెలుసుగా మీకు,
గొడుగుని చేత్తో సహా లాక్కుపోతుంది.
నా సున్నాని మాత్రం ఒక్కనాడూ పోనివ్వలేదు."

అతను నవ్వబోయి నీళ్లు తాగాడు.
"ఒక ఉదాహరణ?"

ఉంది.
ఫిబ్రవరి, బుధవారం, రోడ్డంతా కంటికి కనపడని మంచుపొర.
పైనుంచి చేపల లారీ.
చక్రాలు తిరగడం లేదు, లారీ మాత్రం వస్తోంది.
నా వెనక పదకొండు మంది, జతలు జతలుగా,
చివర్న ఒంటిగా మర్డో.
వాడు తెల్ల గీతల మీదే అడుగేస్తాడు,
నల్లటి చోట మొసలి ఉంటుందంటాడు.
అరిస్తే ఎక్కడివాడక్కడ బిగుసుకుపోతాడు.
అందుకని అరవలేదు.
"లేచిందిరా మొసలి" అన్నాను, గుసగుసగా.
దూకాడు. ఒక గీత, రెండు, మూడు,
గట్టు.
కర్ర కొసని రాసుకుంటూ ఆగింది లారీ.
కాలిన రబ్బరు కంపు, కాడ్ చేపల కంపు.
గట్టు మీంచి వాడు: "లారీని తినేసిందా?"

ఇదంతా చెప్పానా ఏమన్నానా?
"లారీ ఆగింది" అన్నాను, అంతే.
మొసలి సంగతి చెబితే
ఎవరైనా ఉద్యోగం ఇస్తారా!

ఆమె టైప్ చేసింది. నుదురు చిట్లించింది.
టాబ్లెట్ నావైపు తిప్పింది.
ఎర్రటి అక్షరాలు:
దయచేసి ఒకటి, లేదా అంతకన్నా పెద్ద సంఖ్య ఇవ్వండి.

"ఇంకో అంకె ఏదన్నా..." అంది.
మంచి పిల్లే. బతిమాలుతున్నట్టే అంది.

అంకెలకేం, ఉన్నాయి.
అరిగిపోయిన మోకాలు ఒకటి.
వంటింటి సొరుగులో ఒంటి గ్లోవులు నలభై మూడు,
మంచులో దొరికినవి,
జత వెతుక్కుంటూ ఎవరూ రానివి.

"నలభై మూడు" అన్నాను.
"నలభై మూడు శాతమా?"
"అలాగే వేసుకో తల్లీ."

పచ్చగా మెరిసింది టాబ్లెట్.
మేమే కబురు చేస్తామన్నారు.

కింద రోడ్డు దగ్గర
కుడిచెయ్యి దానంతటదే లేచింది, ఖాళీగా.
టాక్సీవాడు ఆగలేదు. అద్దం దించి ఒక మాటన్నాడు,
డండీలో ఆ మాటకి అర్థాలు చాలా ఉన్నాయి,
ఒక్కటీ మంచిది కాదు.

వాణ్ణి పోనిచ్చి
అప్పుడు దాటాను,
తెల్ల గీతల మీదే అడుగేస్తూ.