తవిటయ్య వంతు

పర్లాకిమిడిలో, గుణుపురం రోడ్డు మీద
మూతబడ్డ బియ్యం మిల్లులో మా సాధన.
నేను బేస్ డ్రమ్ తొక్కినప్పుడల్లా
గోడ సందుల్లోంచి ఇంకా కాస్త ఊక రాలుతుంది.

తవిటయ్యకు అరవై రెండు.
పుట్టిన రోజునే తవుడికి అమ్మి, తిరిగి కొని
పెట్టిన పేరది.
"మిల్లు నాకు పుట్టిల్లేరా" అంటాడు
శాక్సోఫోన్ రీడు నాలిక మీద నానబెట్టుకుంటూ.
నలభై ఏళ్లు పెళ్లి బ్యాండు.
ఎర్ర కోటు, భుజాన జరీ, కాళ్లకి హవాయి చెప్పులు.
కుర్చీలో కూచోబెడితే
ఊపిరి మోకాళ్ల దగ్గరే ఆగిపోతుందట.
అందుకని మిల్లు చుట్టూ తిరుగుతూ వాయిస్తాడు,
మైకు వైరు పట్టుకుని ఆయన వెనకాలే
మినతి తమ్ముడు.

మినతి గొమాంగో సెరంగో కొండ నించి దిగుతుంది.
కొబ్బరి చిప్ప, వెదురు, రెండు తీగలు: కురాన్‌రాజన్.
తీగల కింది గుర్రం మాత్రం
మా వీధి కొమ్ము పనివాడు దున్నపోతు కొమ్ముతో చెక్కాడు.
బ్రహ్మపురం పృథ్వీష్ బేస్ గిటారు.
ఒడియాలో తిట్టి, తెలుగులో లెక్క చెబుతాడు:
ఏడు, అయిదు, మళ్లీ ఏడు.

"జాజ్ అంటే ఏటి బాబూ?"
"నీ వంతు వచ్చినప్పుడు నీకు తోచింది వాయించడం."
"నాకు తోచిందా?"
ఆ మాట ఎవరడిగారు ఆయన్ని?
పెళ్లికొడుకు మేనమామ పది రూపాయలు గాల్లో ఊపితే
అడిగిన పాటే, మళ్లీ అదే.

నిన్న రాత్రి ఇచ్చాం వంతు.
ఎత్తుకున్నాడు. సగం సన్నాయి, సగం బజారు,
కొండ వైపు వంగిన ఒక్క స్వరం,
దాన్ని మినతి అందుకుంది.
నాలుగో చుట్టులో ఠక్కున ఆగాడు.
నోట్లోంచి తీసి ఛాతీకి ఆనించుకుని
తల వంచి
అడుగులు మాత్రం వేస్తూ.

మరిచిపోయాడనుకున్నాను.
నేనూ ఆపబోతే పృథ్వీష్ కళ్లతోనే వద్దన్నాడు.
లెక్కపెట్టాను. గోడ పొడుగునా పదకొండు అడుగులు.
మినతి ఊపిరంత సన్నగా ఏదో గీస్తూనే ఉంది.
పన్నెండో అడుక్కి
విడిచిన స్వరం దగ్గరే, తడి ఆరకముందే
మళ్లీ ఎత్తుకున్నాడు.

టీ తాగుతూ అడిగాం.
"ఊరేగింపు పోతుంటే దారిలో చావిల్లు తగులుతాది కదా,
ఆ గుమ్మం దాటేదాకా వాయించం.
పెళ్లోరు చెప్పరు, చావోరు చెప్పరు.
మా కాళ్లకే తెలుస్తాది."
గ్లాసు అడుగున మిగిలిన పొడి చూస్తూ కాసేపు.
"ఇన్నేళ్లలో నాకంటూ తోచింది అదొక్కటే బాబూ."

ఎవరిల్లది అని
మేమెవరం అడగలేదు.

ఇవాళ మళ్లీ అదే పాట, అదే చుట్టు.
పృథ్వీష్ కాగితం మీద అక్కడ ఏమీ రాసుకోలేదు.
తవిటయ్య ఆగాడు, నడిచాడు.
వెనక మినతి తమ్ముడు, పద్నాలుగేళ్లవాడు,
ఎవరూ చెప్పకుండానే
ఆ పదకొండు అడుగులూ
వైరు నేలకి రాయకుండా
రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నాడు.