అతుకు

కోయడానికి నన్నే పిలిచారు,
యాభై ఏళ్ల కిందట అతికించింది నేనే కనక.

అప్పట్లో కోర్పివారా పురపాలక సంఘంలో
కొళాయి గొట్టాల పని నాది.
ప్రపంచ స్కీ పోటీలు మా ఊరికొచ్చిన ఏడాది.
పద్దెనిమిది దేశాల జెండాలు
పాలకేంద్రం గోడ పొడుగునా కట్టాం.
ఒకటి తలకిందులుగా కట్టామని
ఆ దేశపు కోచ్ వచ్చి, నవ్వి,
తనే నిచ్చెనెక్కి సరిచేసుకున్నాడు.

పోటీలు ముగిసిన మర్నాడు రాగి పీపా తెచ్చారు.
మేయర్ ఉత్తరం, పతకం నమూనా, ఫలితాల పట్టిక,
అందరికన్నా ఆఖరున వచ్చినవాడి గుడ్డ నంబరు.
అది పెట్టాలా వద్దా అని గంటసేపు తగువు.

అప్పుడొచ్చింది హెల్కా, మూడో తరగతి పిల్ల,
తాత కాఫీ ఫ్లాస్కుని రెండు చేతులా హత్తుకుని.
"ఇందులో మంచుంది. గీత దగ్గరిది,
ఎవరూ తొక్కనిది."
కార్యదర్శి సులో కళ్లజోడు పైకి తోసి
"తల్లీ, మంచుకి మనకేం కరువు?
యాభై ఏళ్లు పోతే వాళ్లకి మాత్రం కరువా?" అన్నాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
పిల్ల నవ్వలేదు.
ఫ్లాస్కు గుమ్మం పక్కన పెట్టేసి వెళ్లిపోయింది.

తరవాత వాళ్లంతా కాఫీకి పోయారు.
షెడ్డులో నేను, పీపా, ఆ ఫ్లాస్కు.
ఏం చేసి ఉంటానో మీకు తెలిసిపోయే ఉంటుంది.

అతుకు మాత్రం బాగా కుదిరింది.
ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

ఈ మార్చిలో ఊరి చుట్టూ ఎండుగడ్డి.
పోయినేటి మంచుని రంపపుపొట్టు కింద దాచి,
పారలతో తవ్వి, లారీలతో తోలి
స్కీ బాటంతా పోశారు,
ఎవరి ఊరేగింపుకో పరిచిన తెల్లగుడ్డలా.
అటూ ఇటూ బురద.

కుర్రాడెవడో కరెంటు రంపం తెచ్చాడు.
వద్దన్నాను, చేతిరంపం చాలు.
చాలాసేపు పట్టింది.
అతుకు తెగలేదు; దాని పక్కన రాగి తెగింది.

లోపల తడి. పాత గోనెసంచి వాసన.
మేయర్ ఉత్తరం పిండిముద్ద.
పట్టికలో నీలం సిరా కారిపోయి
పద్దెనిమిది దేశాలూ ఒకటే దేశం.
ఎవరు గెలిచారో ఇక ఆ కాగితానికి తెలియదు.
ఆఖరివాడి నంబరు, గుడ్డ కదా,
డెబ్భై మూడు, చెక్కు చెదరలేదు.

అడుగున ఫ్లాస్కు. దాన్లో పగిలిన గాజు, కాసిని నీళ్లు.
"దీన్నెవరు పెట్టారు?"
దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

హెల్కా వచ్చింది.
ఊరి బస్సు నడుపుతుందిప్పుడు,
ఇంజను ఆపకుండానే రోడ్డు మీద వదిలి వచ్చింది.
ఫ్లాస్కు మీద మేకుతో గీసిన తాత పేరు చూసింది.
తలెత్తి, ఎవర్నీ కాదు, నన్ను చూసింది.
ఇరవై ఏళ్లుగా నేనెక్కే బస్సు ఆమెది.
ఒక్కరోజూ చెప్పలేదు నేను.

అప్పుడు తట్టింది, ఇన్నాళ్లకి:
ఆ మంచు యాభై ఏళ్లు లేదు,
యాభై నిమిషాలూ లేదు.
అతుకు పెట్టిన నా మంటకే
లోపలి గాజు చిట్లి ఉంటుంది.
నేను దాచడం ముగించేసరికే
దాచినది నీరైపోయింది.

చెప్పేశాను. అందరి ముందూ కాదు, మెల్లిగా, ఆమెకే.
ఆమె చేతితొడుగు తీసి
గాజు పెంకుల మధ్య వేలు ముంచింది.
"చల్లగానే ఉంది," అంది.
బస్సులోంచి ఎవరో హారన్ కొట్టారు.
వెళ్లిపోయింది.

కొత్త పీపా తెచ్చారు, ఇంకో యాభై ఏళ్లకి.
అతుకు మీరే పెట్టాలి అన్నారు.
ఈసారి మరమూత చేయించండి అన్నాను,
చేత్తో తిప్పితే వచ్చేది.
నా చేతులు వణుకుతున్నాయి, అందుకని.