చుట్టుగుంట నుంచి బస్టాండు దాకా

సాయంత్రం బ్యాంకు షట్టరు దిగాక
రెండు గుళ్ళూ తీసి చొక్కా జేబులో వేసుకుంటాను.
గుండీ పెట్టానా లేదా అని
రోడ్డెక్కేలోగా మూడుసార్లు తడుముకుంటాను.
అక్కణ్ణుంచి నేను కొమ్మూరి జకరయ్యని కాను,
తుపాకీ వెనకాల నడిచే ఖాకీ చొక్కాని.

షేరింగ్ ఆటోవాడు ఆపబోయి ఆలోచిస్తాడు.
ఆపినా, లోపలివాళ్ళు జరుగుతారు చూడండీ,
ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చునే బండిలో
నాకొక్కడికే ఇద్దరి జాగా!

"నిజందేనా అంకుల్?"
"ఎంతమందిని లేపేశావు బాబాయ్?"
ఒకావిడ మెళ్ళో గొలుసు కొంగు కిందికి దోపుకుంటుంది,
కాపలావాణ్ణి చూసి.
తాగినోడొకడు సెల్యూట్ కొడతాడు.
వాడికి మాత్రం తిరిగి కొడతాను.

మొదట్లో కోపం వచ్చేది.
తుపాకీ ఉన్నవాడి కోపం
ఎదుటివాళ్ళకి రెండింతలు కనబడుతుందని తర్వాత తెలిసింది.
అప్పుడు గోడమీది చిన్న అద్దంలో నవ్వు నేర్చుకున్నాను:
మీసం కదలాలి, పళ్ళు కనబడకూడదు.
గొట్టం పైకే చూడాలి, నా చూపు కిందికే.
జేబులో చెయ్యి పెట్టే ముందు
"చిల్లర తీస్తున్నానండీ" అని పైకి అనాలి.
దగ్గొచ్చినా మెల్లగా దగ్గాలి.

ఇది బ్యాంకుది కాదు, నాదే.
సొంత తుపాకీ ఉంటేనే ఉద్యోగం అన్నారు
పట్టాళం నుంచి వచ్చిన ఏడు.
మా రాహేలు రెండుపేటల గొలుసు ఇందులోనే ఉంది.
ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి
నేను నూనెగుడ్డ తీస్తే చాలు,
"మొదలెట్టావా, నా సవతికి తలంటు" అంటుంది.
పదకొండేళ్ళలో ఒక్కసారీ పేలలేదు.
ఆ మాట చెబితే
అడిగినవాళ్ళ మొహాలు చిన్నబోతాయి,
అందుకని చెప్పను.

మొన్న, మిర్చి సీజను.
ఊరు ఊరంతా తుమ్ముతున్న రోజులు.
యార్డు మలుపులో ఓ ముసలామె ఎక్కింది,
నాకిచ్చిన ఖాళీలో నిక్షేపంగా కూర్చుంది.
చీరంతా కాయల ఘాటు.
తొడిమలు తీసీ తీసీ కందిపోయిన చేతులు
మోకాళ్ళమీద వెల్లకిలా పెట్టుకుంది,
ఆరబెట్టుకున్నట్టు.

నగరంపాలెం దగ్గర స్పీడుబ్రేకరు.
ఆటో ఎగిరింది.
ఆమె రెండు చేతులా గొట్టాన్ని పట్టుకుంది.

అందరి ఊపిరీ ఆగింది.
డ్రైవరు అద్దంలోంచి చూశాడు.
"అబ్బ! ఎంత చల్లగుందయ్యా ఈ కడ్డీ!" అందామె.

పొద్దుట్నుంచీ ఏసీ కింద నిలబడ్డ ఇనుము.
పొద్దుట్నుంచీ మండిన చేతులు.

కడ్డీ కాదమ్మా, అనాలి.
రూలు ప్రకారం చెయ్యి తీయించాలి.
నాలిక చివరిదాకా వచ్చింది.
ఆమె కాసేపు అరచేతులు ఆనించింది,
కాసేపు వెనకచేతులు.
ఎదురుగా కుర్రాడు ఫోనెత్తాడు.
నవ్వు పక్కన పెట్టి
నేను వాడి కళ్ళల్లోకి చూశాను.
ఫోను దిగింది.

పెద్దాసుపత్రి దగ్గర ఆమె దిగబోతూ
మళ్ళీ కడ్డీనే ఆసరా చేసుకుని
చెయ్యి పైదాకా పోనిచ్చింది.
రెండు రంధ్రాలు వేలికి తగిలాయి.
ఆగింది. నా మొహంలోకి చూసింది.
నేను మీసం కదిలించాను.

"దీంతో ఏం కాపలా కాస్తావయ్యా?"
"డబ్బులమ్మా."
"ఎవరియ్యి?"
"తెలీదు."
"నేనొలిచే కాయలూ అంతేలే" అంటూ
పది రూపాయలిచ్చి వెళ్ళిపోయింది.

రాత్రి నూనెగుడ్డతో తుడిచి
మరిచిపోయి కళ్ళు నలుపుకున్నాను.
రాహేలు గదిలోకి వస్తూనే తుమ్మింది,
నా ఎర్రటి కళ్ళు చూసింది,
మూలనున్న దాన్ని చూసింది.
"ఏంటి," అంది మెల్లగా, "ఇవాళ పేలిందా?"