ఉత్తమ రంగాలంకరణ

ప్లైవుడ్ తలుపు ఎంత విసిరికొట్టినా
అట్టపెట్టె మూసినట్టే ఉందని
అన్న మూడు రిహార్సల్స్ మధ్యలో ఆపేశాడు.
నాలుగో రోజు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి
మా ఇంటి నడవ తలుపే ఊడదీశాడు.
వేపచెక్క. తాత చేయించింది.
ఇరవై ఏళ్ళుగా నాన్న వేస్తున్నది.

"తలుపు గూడా తీసకపోతే ఇంకేం మిగిలిద్దిరా మాల్యాద్రీ"
అంది అమ్మ, బందుల సీలలు కొంగున ముడేస్తూ.

కందుకూరు నుంచి ఒంగోలుకి
టాటా ఏస్‌లో వెల్లకిలా పడుకొని పోయింది తలుపు.
దాని మీద పాత కుర్చీలు, పలకని టీవీ,
తెనాలి నుంచి రాబోయే ఆర్టిస్టు కట్టుకోడానికి
అమ్మ వెలిసిన నేతచీర.

తలుపు లేని మూడు రోజులూ
నడవకి దుప్పటి కట్టుకున్నాం.
దుప్పటి వెనక ఎవరూ గట్టిగా అలగలేరు.
నాన్న దగ్గితే వంటింట్లో,
అమ్మ చెంబు దించితే నాన్న మంచం దగ్గర.
పొగాకు బ్యారన్ వాటాలో
బాబాయితో మాటలు తెగిన సంగతి
మళ్ళీ ఎత్తి, గొంతు పెంచి,
దాన్ని దేనికి కొట్టి ముగించాలో తెలీక
దుప్పటి ఒకసారి పక్కకి లాగి, మళ్ళీ సర్ది,
మంచినీళ్ళు తాగొచ్చాడు నాన్న.

పరిషత్తులో మాది పదకొండో నాటకం.
తెర లేచేసరికి రాత్రి ఒంటిగంటంబావు.
పక్కన చీకట్లో నేను, ప్రాంప్టింగ్.
రాసింది అన్నే గానీ
సగం మాటలు నాకు కాగితం చూడకుండా వచ్చు.

ఆర్టిస్టు వెక్కి వెక్కి ఏడుస్తుంటే
నాలుగో వరసలో అమ్మ, పక్కావిడతో:
"నేనట్టా ఏడవలా.
అప్పుడు బియ్యంలో రాళ్ళేరుతుండా."

ఆఖర్న, నాన్న వేషం కట్టిన లైన్‌మన్ పెంచలయ్య
లోపలికెళ్ళి తలుపేశాడు.
మా తలుపు. మా చప్పుడు.
చిన్నప్పట్లాగే నా భుజాలు చెవులదాకా లేచాయి.
హాలంతా చప్పట్లు.
వెనక గోడకి ఆనుకున్న నాన్న
ఎవర్ని మెచ్చుకుంటున్నారోనని అటూ ఇటూ చూశాడు.

ద్వితీయ ప్రదర్శన. ఉత్తమ రంగాలంకరణ.
షీల్డు అందుకున్న అన్న
మైకులో "మా ఇల్లు..." అని
అక్కడే ఆగిపోయాడు.

తలుపు తిరిగొచ్చింది,
వీపు మీద సుద్దతో పదకొండు నంబరు వేయించుకొని.
బిగించబోతే సీల ఒకటి తక్కువ.
కొంగుముడంతా దులిపినా దొరకలేదు.

ఆ రాత్రే నాన్నకి కోపమొచ్చింది,
పప్పుచారులో ఉప్పుకో, కరెంటు బిల్లుకో.
లేచాడు. లోపలికెళ్ళాడు. ధడాలున వేశాడు.

ఆ తర్వాత
ఇంట్లో అందరం ఒక్క క్షణం
దేనికోసమో ఆగాం.
అవతల ఆయన గూడా.

వంటింట్లోంచి అమ్మ:
"వెనక వరసకి వినపళ్ళా."

వదులు బందు మీద తలుపు
దానంతటదే, కిర్రుమంటూ, తెరుచుకుంది.
గుమ్మంలో నాన్న,
ప్రాంప్టింగ్ అందని మొహంతో.