టార్గెట్టు టూరు

ఆలమూరు ఎరువుల కొట్టు సూరారెడ్డి గారు
కంపెనీ ఖర్చు మీద
పదకొండు రోజుల్లో ఏడు ఊళ్లు తిరిగొచ్చారు.
యూరియా బస్తా మీద ఫోను ఆనించి
బొమ్మలు చూపిస్తున్నారు.

నలభై మంది డీలర్లకీ ఒకే రంగు టోపీ.
ప్యారిస్‌లో ఇనప గోపురం కింద
ఎవరో ఆవకాయ సీసా మూతతో తంటాలు పడుతుంటే
పక్కన ద్రాక్షారం డీలరు కునికిపాట్లు.
ఇంకో ఊరు, పేరు గుర్తులేదు, వాన గుర్తుందిట.
బస్సులోంచే చూశారు.

వెనిస్‌లో వీధులన్నీ కాలవలేనట.
"లాకులున్నాయాండీ?" అన్నాను.
ఆయన ఆగారు.
"మరి శివారుకి ఏ వంతులో వదుల్తారండీ?"
"అక్కడ వరి వెయ్యర్రా ఏసుబాబూ!"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దాళవాకి నేను అప్పు రాయించుకున్న
ఇరవై రెండు బస్తాల డీఏపీ
ఆ టార్గెట్టులో కలిసే ఉంటుంది.
అంటే ఆ పడవలో
ఓ చెక్కముక్కంత చోటు నాది.
పైకి అనలేదు.

పద్దు పుస్తకం తీశారు.
నా పేరు మీద వేలు ఉంచి
రెండో చేత్తో స్విట్జర్లాండు చాక్లెట్ ఇచ్చారు.
ఇంటికెళ్లి విప్పేసరికి
గట్టు మీది ఎండకి కరిగి జావైపోయింది.
కాగితం మీద మంచుకొండ మాత్రం
చెక్కు చెదర్లేదు.