రెప్పపాటు లెక్క

మోర్కాంబ్ ఆదివారం సంతలో
కాలిన్ బల్ల మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి,
పడని తోడికోడళ్లలా
ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా.

పెద్దది ముప్పై పౌండ్లు.
ఆరు మెగాపిక్సెళ్లు.
మెడలో వేసుకుంటే సన్నికల్లు పొత్రమే.
చిన్నది పన్నెండు.
వాడి పెట్టిన సబ్బుబిళ్లలా అరచేతిలో జారుతుంది.
"ఇరవయ్యేళ్ల నాటివి రెండూ,
వారంటీ అంటే నా మాటే" అన్నాడు కాలిన్.
ముప్పయ్యేళ్లు బస్సు నడిపినవాడి మాట కదా,
పుచ్చుకున్నాం.
పెద్దది నేను, చిన్నది హైమవతి.
ఏది మేలో తేలాలి.
ఓడినవాళ్లు చేపలు కొనిపెట్టాలి.

నాది మీట నొక్కీ నొక్కకముందే
టపీమని అద్దం లేపుతుంది,
చూరులో పావురం రెక్క కొట్టినట్టు.
తనది నొక్కాక ఆలోచిస్తుంది.
అర్జీ అందుకున్న గుమాస్తాలా
ముక్కు ముందుకు చాపి, వెనక్కి లాగి,
పచ్చదీపం వెలిగించి
అప్పుడు, సరే, అంటుంది.
ఈలోగా ఒడ్డునున్న పిట్ట
తన పని చూసుకుని వెళ్లిపోయి ఉంటుంది.
సూర్యుడికేసి తిప్పితే
తెర మీద ఊదారంగు గీత,
నిలువునా నామం.
చలికి బ్యాటరీలు చచ్చిపోతే
చంకలో పెట్టుకుని బతికిస్తుంది హైమ,
పొదిగే పెట్టలా, పలకకుండా.

నాది మాత్రం తక్కువదా?
లోపలెక్కడో ఒక దుమ్ము నలుసు.
నేను తీసిన ప్రతి ఆకాశంలోనూ
కుడి పైమూల అదే మచ్చ.
"దిష్టిచుక్కలే, ఉండనీ" అంది హైమ.
తుడవబోతే ఇంకాస్త కిందికి జరిగింది.
ఉండనిచ్చాను.

ఒక సంగతి ఆలస్యంగా తెలిసింది నాకు.
అద్దం లేచిన ఆ రెప్పపాటు
కంటి ముందు చీకటి.
ముందుది చూస్తాను, తర్వాతది చూస్తాను,
బొమ్మలో పడ్డది ఒక్కటే
ఎన్నడూ చూడను.
తనదానికి పైన చీమ దూరేంత కిటికీ ఉంది.
దానికి రెప్ప లేదు.
దేవతలకు రెప్పలు పడవంటారు.
మొర విన్నాక కదలడానికి
వాళ్లకూ ఇంత టైమే పడుతుందేమో.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం.
ఇసుక మేటల మీదికి పోటు ఎక్కుతోంది.
బల్ల సర్దేసి కాలిన్ కూడా మాతో నడిచాడు.
గాలి వచ్చి టోపీ ఎత్తుకుపోయింది.
ఇద్దరం ఒకేసారి నొక్కాం.

నా ఫోటోలో
టోపీ కమ్మీ దాటి గాలిలో ఉంది.
కాలిన్ వేళ్లు విచ్చుకుని
బెత్తెడు దూరంలో ఆగిపోయాయి.
వెనక నీళ్లు, అవతల కొండలు, పైన దిష్టిచుక్క.
పోగు పోగూ లెక్కపెట్టొచ్చు.

హైమ ఫోటోలో టోపీ లేదు.
కమ్మీ ఒక పక్కకు వాలిపోయింది.
అంచులన్నీ మసక.
బట్టతల మీద ఎండ పెట్టుకుని
కాలిన్ మావైపు తిరిగి నవ్వుతున్నాడు,
కట్టుడుపళ్లు జారతాయేమోనన్నంతగా.

కళ్లద్దాలు నుదుటికి తోసి రెండూ చూశాడు.
నాది చూసి, "మంచి టోపీ అది" అన్నాడు.
హైమది చాలాసేపు పట్టుకున్నాడు.
"టోపీ పోతే ఇంత హాయిగా ఉంటానని
నాకెవరూ చెప్పలేదే.
దీన్ని పెద్దది చేయించి ఇవ్వు."

పందెం తేలలేదు.
చేపలు మాత్రం నేనే కొన్నాను.
వెనిగర్ చేతులతో
ఎవరి కెమెరా వాళ్లం ముట్టుకోకుండా
చీకటి పడేదాకా కూర్చున్నాం.

పెద్దదాన్ని అమ్మలేదు.
ఫోటో తీసేటప్పుడు
ఎడమకన్ను మూయడం మానేశానంతే.
అద్దం లేచినప్పుడు
ఒక కంటికైనా ఏదో ఒకటి దొరుకుతుందని.
ఎక్కువసార్లు దొరికేది హైమే,
చంకలో బ్యాటరీలతో,
ఇంకా నొక్కుతూ.