ఏమని పిలువాలె

సోహార్‌ల ఆగస్టు. ల్యాబ్‌ల ఏసీ
సర్ది వట్టిన ముసలామె లెక్క గురక వెడ్తది.
మంచం మీద రబ్బరు బొమ్మ, చుట్టు పదకొండుమంది పిల్లలు.
ఇయ్యాల్టి పాఠం పుస్తకంల లేదు.
తలుపు దగ్గరికేసి చెప్తున్న.

ఈ బొమ్మకు మొగతనం, ఆడతనం
రెండు డబ్బాలల్ల వెట్టి పంపిండ్రు కంపెనోళ్లు.
మరలు తిప్పి బిగించుడే.
రేపు మీ ముందు పండుకునే మనిషికి మరలుండయి.
ముందుగాల అడుగుండ్రి:
మిమ్మల్ని ఏమని పిలువాలె?

రొవేనా నవ్వింది: మా భాషల అతడూ ఆమే
ఒక్కటే మాట మేడమ్, సియా.
జువైనా నొసలు ముడిచింది:
మాకు 'నువ్వు' అనాలన్నా ఆడో మొగో తేలాలె.
హిజాబు కొస వేలికి చుట్టుకుంట
ఇంకేదో అడగబోయి ఆగింది.
నేనూ ఆగిన.
గోడకవతల ఎవరో ట్రాలీ తోస్కపోయిండ్రు.

నా భాష సంగతి వాళ్లకు చెప్పలే.
వచ్చిండు అనాలె, లేకుంటే వచ్చింది.
పెద్దలొస్తే మాత్రం మా అమ్మ
వచ్చిండ్రు అనుకుంట లేచి నిలవడేది.
ఆ మాటల మొగోడు లేడు, ఆడామె లేదు,
కుర్చీ జరిపిన చప్పుడుంటది.

పోయినేడు రాత్రి డ్యూటీల ఒక పేషెంటు.
కార్డు మీద గంగాధర్. పోర్టుల వెల్డర్, జగిత్యాల దిక్కు.
మూడొద్దులు కడుపునొప్పి ఓర్సుకొని వచ్చిండ్రు.
అంగీ ఇప్పుమంటే గుండీలు గుప్పిట్ల వట్టుకొని
నా తెలుగు విని, మొఖం చూసి
"ధర్ తీసెయ్యరాదక్కా" అన్నరు మెల్లగ.
నేను కలం ఆపలే.
కార్డుల ఉన్నదే చదివిన, వార్డంత ఇనేటట్టు.
తెల్లారేసరికి మంచం ఖాళీ.
సెలైన్ సూది దిండు మీద,
దూది చుట్టి, పద్ధతిగ.

ఆ సంగతి కూడ చెప్పలే. చెప్పింది గింతే:
పరదా సగం కాదు, పూరాగ గుంజుండ్రి.
ముట్టేముందు అడుగుండ్రి.
బీపీ రాయుండ్రి, నొప్పి రాయుండ్రి.
నమ్మి చెప్పిన మాట మందుకు అక్కెర లేకుంటే
కాగితం మీద వెట్టకుండ్రి.
ఈడ కాగితాలకు కాళ్లుంటయి.

సోమారం. వార్డుల నాలుగో మంచం.
ఫైల్ల మొగపిలగాడు,
గోర్లకు చెరిగీ చెరగని రంగు.
జువైనా ఒక నిమిషం నిలవడ్డది.
పరదా పూరాగ గుంజింది.
ఒక్క మనిషిని వట్టుకొని
"కేఫ్ హాల్‌కుమ్" అన్నది,
ఇంటికొచ్చిన పదిమందిని అడిగినట్టు,
తాతను అడిగినట్టు.

పరదాకు ఇవతల నేను,
చేతుల మార్కులెయ్యాల్సిన అట్ట.
లోపల
కుర్చీ జరిగిన చప్పుడు.